మూడేళ్ల ఈత తర్వాత: నా బోర్డు, గాగుల్స్, నోటుబుక్కు

నా 41వ ఏట ఈత నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు 44. విజయవాడలో 25 మీటర్ల కొలను, వారానికి 4 రోజులు, పొద్దున 6 గంటల ఆడవాళ్ల బ్యాచ్. ఈ మూడేళ్లలో కొన్నవాటిలో, పాటించినవాటిలో నాకు నిజంగా ధైర్యం ఇచ్చినవి ఏవో, ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి లాక్కున్నవి ఏవో రాస్తున్నాను. ఏం కొనాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నీళ్లంటే భయం ఉన్న మనిషి చేతిలో ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో నాకు ఎవరూ చెప్పలేదు.

అంతకుముందు 2019లో ఒకసారి వేరే కొలనులో చేరాను. మూడో రోజు అక్కడి కోచ్ మాట కూడా చెప్పకుండా వెనకనుంచి లోతు వైపుకు తోసేశాడు. "అలా పడితేనే వస్తుందమ్మా" అన్నాడు. పల్లెల్లో పిల్లల్ని బావిలోకి తోసి నేర్పేవారు, నిజమే. కానీ ఆ పిల్లల నడుముకు ఎండు సొరకాయ బుర్రో, బెండ్లో కట్టి ఉండేవి. పక్కనే బాబాయో, మామయ్యో నీళ్లలో ఉండేవాడు. నాకు ఆ రెండూ లేవు. నీళ్లు మింగి, గట్టు పట్టుకుని బయటికొచ్చి, మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. ఇక ఈ వయసులో నాకు ఈత రాదని తేల్చేసుకున్నది ఆ రోజే.

2021 మార్చిలో గోలి శ్యామల గారు శ్రీలంక నుంచి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని, దాదాపు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాల్లో ఈదారని చదివాను. ఆవిడ ఈత నేర్చుకున్నదే నలభై దాటాక. నాకు సముద్రం ఈదాలన్న ఆశ ఏమీ పుట్టలేదు గానీ, వయసు మీద నెట్టేసే వీలు మాత్రం పోయింది. 2022 వేసవిలో ఇప్పుడున్న కొలనులో చేరాను.

ముందు గాగుల్స్ గురించి. మొదట నల్ల అద్దాలవి కొన్నాను. పొద్దున 6 గంటలకు వెలుతురు సరిగా ఉండదు. ఆ అద్దాల్లోంచి చూస్తే లోతు వైపు అడుగు నల్లగా, అంతు లేనట్టు కనిపించేది. టైల్స్ కనిపించడం మానేసిన చోటే నా ఊపిరి బిగుసుకునేది. నాలుగు నెలల తర్వాత ఒకరోజు పక్కావిడ తెల్ల అద్దాలవి అడిగి పెట్టుకున్నాను. 7 అడుగుల లోతులో అడుగున ఉన్న గీత, మూలన పడి ఉన్న ఒక రబ్బరు బ్యాండు కూడా కనిపించాయి. భయంలో సగం అక్కడే తగ్గింది. కాబట్టి తెల్లవారుజామున, లేదా కప్పు ఉన్న కొలనులో ఈదేవాళ్లు తెల్ల అద్దాలే తీసుకోండి. కొనేటప్పుడు బెల్టు తగిలించుకోకుండా కళ్లకు నొక్కి చూడండి, రెండు క్షణాలైనా అంటుకుని ఉంటే మీ ముఖానికి సరిపోయినట్టే. లోపలి వైపు వేలితో తుడవకండి, ఆవిరి పట్టకుండా వేసిన పూత పోతుంది. ఎంత జాగ్రత్తగా ఉన్నా నాకు ఒక్కో జత ఏడాదికి మించి రాలేదు.

ఇక కిక్‌బోర్డు, అంటే చేతులతో పట్టుకుంటే మనల్ని తేల్చే తేలికపాటి పలక. దీని గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది. మొదటి నెలలో అది నాకు దేవుడిచ్చిన వరంలా అనిపించింది. రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు ఆడిస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిపోయేదాన్ని. ఇంట్లో "నేను ఈదుతున్నాను" అని చెప్పాను కూడా. ఎనిమిది నెలలు గడిచినా బోర్డు వదిలితే మూడో గజంలోనే నిలబడిపోతున్నాను. తర్వాత అర్థమైంది, ఆ ఎనిమిది నెలలూ నేను నేర్చుకున్నది బోర్డును పట్టుకోవడం. తల పైకెత్తి ఉంచితే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి, మెడ లాగుతుంది. గాలి నిండిన ఊపిరితిత్తులు ఛాతీలో ఉంటాయి కాబట్టి ఛాతీ తేలుతుంది, బరువైన కాళ్లు మునుగుతాయి. ముఖం నీళ్లలో పెడితేనే ఒళ్లు సమంగా తేలుతుంది. నేను బోర్డు మీద చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. బోర్డు చెడ్డదని అనను, కాళ్ల బలానికి ఇప్పటికీ వాడతాను. భయం ఉన్నవాళ్లు మాత్రం రోజుకు పది నిమిషాలకు మించి దాని మీద ఆధారపడొద్దని నా గట్టి అభిప్రాయం.

అప్పుడే మా బ్యాచ్‌కు కొత్త కోచ్ వచ్చింది, నాకన్నా పదిహేనేళ్లు చిన్న అమ్మాయి. నన్ను రెండు రోజులు గమనించి, బోర్డు తీసుకుని గట్టు మీద పెట్టేసి, "అక్కా, ఈ వారం మీరు ఈదొద్దు. ఊరికే నీళ్లలో ఉండండి" అంది. ఆ వారమంతా నడుము లోతు నీళ్లలో నిలబడి, ముఖం ముంచి, ముక్కుతోనూ నోటితోనూ మెల్లగా బుడగలు వదలడమే పని. నేను అప్పటిదాకా నీళ్లలో ముఖం పెట్టగానే ఊపిరి బిగబట్టేదాన్ని. బిగబట్టినప్పుడు మొదట వచ్చే ఆ ఉక్కిరిబిక్కిరి ఆక్సిజన్ అయిపోయి వచ్చేది కాదు, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల వచ్చేది. గాలిని నీళ్లలోనే వదిలేస్తూ ఉంటే, తల తిప్పినప్పుడు పీల్చుకోవడం ఒక్కటే మిగులుతుంది. నాకు స్టామినా లేదని అన్నాళ్లూ అనుకున్నదంతా నిజానికి గాలి వదలకపోవడమే.

తర్వాతి వారం వెల్లకిలా తేలడం. ఆమె అరచెయ్యి నా తల కింద ఉంది. చెవుల్లోకి నీళ్లు వచ్చి బయటి శబ్దాలన్నీ ఆగిపోయాయి. చెయ్యి ఎప్పుడు తీసేసిందో నాకు తెలియలేదు. ఆ తర్వాత నిలువు ఈత, అంటే నిలబడ్డట్టే ఉండి తేలడం. కవ్వం అటూ ఇటూ తిరిగినట్టు ఒక కాలు ఇటు, ఒక కాలు అటు తిప్పాలి. ఇది రావడానికి నాకు మూడు నెలలు పట్టింది. 7 అడుగుల దగ్గర గట్టుకు చెయ్యి అందేంత దూరంలో మొదట 10 సెకన్లు, తర్వాత 30, ఆ తర్వాత 2 నిమిషాలు. "ఈతకు మించిన లోతు లేదు" అని మా అమ్మ ఎప్పుడూ అనేది. ఆ సామెత నాకు ఒంటికి అర్థమైంది అక్కడే. కింద ఎంత లోతున్నా నేనుండేది పైనే కదా. ఎప్పుడైనా ఆగి తేలగలనని తెలిశాక, పూర్తి 25 మీటర్లు ఈదడం రెండు వారాల్లో వచ్చేసింది.

కాళ్ల మధ్య పెట్టుకునే పుల్‌బాయ్ కొత్తలో వద్దు. కాళ్లను అదే తేలుస్తుంది కాబట్టి మీ ఒళ్లు ఎలా ఉందో మీకు తెలియదు. స్విమ్ సూట్ మోకాళ్ల వరకు ఉన్నది తీసుకున్నాను. మొదట్లో మొహమాటంతో టవల్ కప్పుకునే నడిచేదాన్ని, నెల తిరగకముందే ఆ ఆలోచన పోయింది. ఈదిన వెంటనే మంచినీళ్లతో జాడించకపోతే క్లోరిన్‌కు సాగిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది 200 పేజీల నోటుబుక్కు. ఎంత దూరం ఈదానో రాయలేదు. భయం ఎక్కడ వేసిందో రాశాను. "టైల్స్ రంగు మారిన చోట", "పక్క లైనులో ఎవరో వేగంగా వెళ్లినప్పుడు", "రాత్రి నిద్ర లేదు, మొదటి నిమిషంలోనే ఆయాసం". నాకు ఈత రాదు అని రాయడానికి ఆ పుస్తకంలో చోటు లేదు, ఎందుకంటే ప్రతిసారీ ఒక చోటు, ఒక కారణం రాయాల్సి వచ్చేది. కారణం తెలిసిన భయానికి కోచ్ దగ్గర ఏదో ఒక అభ్యాసం ఉండేది. ఆరు నెలల పేజీలు తిరగేస్తే ఒకే భయం మూడు వారాలకు మించి రాలేదని కనిపించింది. టెన్షన్ ఎక్కువైన రోజున ఇప్పటికీ పాత పేజీలు చదువుకుని వెళ్తాను.

ఒక జాగ్రత్త. ఈ ధైర్యమంతా కొలనుది, లైఫ్‌గార్డు ఉన్న చోటుది. కృష్ణలో ప్రవాహం ఉంటుంది, అడుగు కనిపించదు, అడుగున గుంతలు ఉంటాయి. అక్కడ నేను మళ్లీ కొత్తదాన్నే. తోడు లేకుండా దిగను.

ఇప్పుడు ఆగకుండా 400 మీటర్లు ఈదుతున్నాను, వేగం తక్కువే. బ్లాకు, అంటే గట్టు మీద దూకడానికి కట్టిన దిమ్మ మీదినుంచి దూకడం ఇంకా రాలేదు. కిందటి వారం నుంచి గట్టు మీద కూర్చుని, చేతులు ముందుకు చాచి, తల ముందుగా జారుతున్నాను. నోటుబుక్కులో నిన్నటి పేజీలో "కళ్లు మూసుకుంటున్నాను" అని ఉంది.