ట్రాఫిక్ టికెట్ వచ్చాక: కట్టేయాలా, కోర్సు చేయాలా, కోర్టుకు వెళ్లాలా?

అమెరికాలో కొత్తగా కారు నడుపుతున్న మనవాళ్లకు మొదటి టికెట్ (ట్రాఫిక్ చలానా) రాగానే స్నేహితుల నుంచి రెండు రకాల సలహాలు వస్తాయి. "గొడవెందుకు, ఆన్‌లైన్‌లో కట్టేసి చేతులు దులుపుకో" అనేది ఒకటి. "కోర్టుకు వెళ్లు, ఆ పోలీసు ఆఫీసరు రాడు, కేసు కొట్టేస్తారు" అనేది రెండోది. చెప్పేవాళ్లు ఎక్కడా తడబడరు, ఎందుకంటే వాళ్ల విషయంలో అలాగే జరిగింది. నన్నడిగితే, మామూలు వేగం టికెట్ మొదటిసారి వచ్చినవారికి ఈ రెండింటికంటే మూడో దారి, అంటే కోర్సు చేయడమో కోర్టు పెట్టిన షరతులు పాటించడమో, మేలు. కాకపోతే ఏ రాష్ట్రంలో, ఏ కోర్టు పరిధిలో, ఏ సెక్షన్ కింద వచ్చిందో చూసుకోకుండా ఏ దారీ పట్టకూడదు.

కట్టేయడం

జరిమానా కట్టడమంటే చాలా రాష్ట్రాల్లో తప్పు ఒప్పుకున్నట్లే లెక్క. రోడ్డు పక్కన టికెట్ మీద పెట్టే సంతకం మాత్రం ఒప్పుకోలు కాదు. కాలిఫోర్నియా టికెట్ అడుగున చూడండి: నేరం ఒప్పుకోకుండానే, ఫలానా తేదీకి హాజరవుతానని మాట ఇస్తున్నాను అని అక్కడ అచ్చు వేసి ఉంటుంది. ఆ సంతకానికి భయపడి పోలీసుతో వాదించిన మనిషే, ఇంటికొచ్చి అసలైన ఒప్పుకోలు మీటను రెండు నిమిషాల్లో నొక్కేస్తాడు.

కట్టే మొత్తం ఒక్కటే ఖర్చు అయితే దీని గురించి ఇంత రాయనక్కర్లేదు. కాలిఫోర్నియాలో పరిమితికి 15 మైళ్లలోపు ఎక్కువ వేగానికి మూల జరిమానా 35 డాలర్లే. దానిమీద రాష్ట్రం, కౌంటీ (మన జిల్లా లాంటిది), కోర్టు వేసే అదనపు వడ్డనలన్నీ కలిసేసరికి 200 డాలర్లు దాటిపోతుంది. అది ఒకసారి పోయే డబ్బు. దాంతోపాటు లైసెన్సు మీద పడే పాయింటు, అంటే తప్పు చేసినట్లు వేసే గుర్తు, మూడేళ్లకు పైగా ఉంటుంది, బీమా కంపెనీ రెన్యువల్ సమయంలో చూసేది దాన్నే. ప్రీమియం పెరిగితే ఆ పెరుగుదల ఏటా వస్తూనే ఉంటుంది. అసలు నొప్పి అక్కడ.

కట్టేయడమే సరైన పని అయిన టికెట్లూ ఉన్నాయి. న్యూయార్క్ నగరంలో వేగం కెమెరా పట్టుకుంటే కారు యజమాని పేరిట 50 డాలర్ల నోటీసు వస్తుంది, పాయింట్లు ఉండవు. పార్కింగ్ టికెట్లూ అంతే. వీటికోసం సెలవు పెట్టి కోర్టు మెట్లెక్కడం తెలివైన పని కాదు.

కోర్సు, లేదా వాయిదా మీద కొట్టివేత

టెక్సస్‌లో దీన్ని అందరూ డిఫెన్సివ్ డ్రైవింగ్ అంటారు. ఆరు గంటల కోర్సు, ఇంట్లో కూర్చుని చేయవచ్చు. టికెట్ మీద ఉన్న హాజరు తేదీలోపు కోర్టును అడగాలి, అనుమతి వచ్చాక 90 రోజుల్లో కోర్సు పూర్తిచేసిన పత్రం, దానితోపాటు 3ఏ రకం డ్రైవింగ్ రికార్డు కోర్టుకు ఇవ్వాలి. ఈ 3ఏ దగ్గరే చాలామంది బోల్తా పడతారు: చవకగా దొరుకుతుందని మరో రకం రికార్డు తెప్పిస్తారు, కోర్టు తిప్పి పంపుతుంది, ఈలోపు గడువు అయిపోతుంది. అన్నీ సరిగ్గా ఇస్తే టికెట్ కొట్టేస్తారు. షరతులు: గత 12 నెలల్లో ఈ సదుపాయం వాడి ఉండకూడదు, వేగం పరిమితికి 25 మైళ్లు ఎక్కువ ఉండకూడదు, 95 మైళ్లకు చేరకూడదు, పనివాళ్లున్న రోడ్డు పనుల ప్రాంతంలో వచ్చిన టికెట్ కాకూడదు. సైనికోద్యోగులకు మినహాయింపు ఉంది గానీ మిగతావారికి టెక్సస్ లైసెన్సే ఉండాలి. వేరే రాష్ట్రం నుంచి మారి పాత లైసెన్సుతోనే తిరుగుతున్నవారికి ఈ దారి మూసుకుపోతుంది. వాళ్లకు మిగిలేది డిఫర్డ్ డిస్పొజిషన్. అంటే 180 రోజుల వరకు గడువు పెట్టి, ఆ కాలంలో మరో తప్పు చేయకుండా కోర్టు పెట్టిన షరతులు పాటిస్తే కేసు కొట్టేయడం. ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం.

కాలిఫోర్నియా ట్రాఫిక్ స్కూలు చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ లోపల తేడా ఉంది. అక్కడ జరిమానా పూర్తిగా కట్టాలి, ఆపైన కోర్టు రుసుము, స్కూలు రుసుము. అంటే మొదట చేతినుంచి పోయేది కట్టేయడంకంటే ఎక్కువే. కేసు కూడా పోదు, కానీ ఆ శిక్ష గోప్యంగా ఉండి బీమా కంపెనీకి పాయింటు కనబడదు. 18 నెలలకు ఒక్కసారే ఈ అవకాశం. అందుకని చిన్నాచితకా టికెట్‌కు దాన్ని ఖర్చుపెట్టేయాలా అన్నది కూడా ఆలోచించవలసిందే, ముఖ్యంగా రోజూ ఫ్రీవే మీద గంటలు గడిపేవారు.

న్యూజెర్సీలో లెక్క వేరు. అక్కడి మునిసిపల్ కోర్టులో ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి వేగం టికెట్‌ను 'అన్‌సేఫ్ డ్రైవింగ్' కిందకు మార్పించుకోవడం రివాజు. మొదటి రెండుసార్లు పాయింట్లు పడవు, కానీ జరిమానా కాకుండా 250 డాలర్ల సర్‌చార్జి కట్టాలి. డబ్బు పెట్టి పాయింట్లు తప్పించుకున్నట్లే! రెండు పాయింట్ల చిన్న టికెట్‌కు, అప్పటిదాకా రికార్డు శుభ్రంగా ఉన్నవారికి ఈ బేరం గిట్టుబాటు కాకపోవచ్చు. ఇప్పటికే పాయింట్లు పేరుకున్నవారికి, మూడేళ్లలో ఆరు పాయింట్లు చేరితే రాష్ట్రం వేసే వేరే సర్‌చార్జి అంచున ఉన్నవారికి మాత్రం ఇదే మేలు.

కోర్టులో పోరాడడం

ఆఫీసరు రాడన్న నమ్మకం మీద కోర్టుకు వెళ్లడం నాకు నచ్చదు. చాలా చోట్ల పోలీసుల డ్యూటీ రోజులను బట్టే వాయిదాలు వేస్తారు. రాకపోయినా జడ్జి కేసు కొట్టేయాలన్న నియమం అన్నిచోట్లా లేదు, మరో తేదీ వేయవచ్చు. చూపడానికి ఏదైనా ఉంటే వెళ్లాలి: డాష్‌క్యామ్ వీడియో, కొమ్మల చాటున పడిన బోర్డు ఫోటో, టికెట్‌లో కారు నంబరో చోటో తప్పుగా రాసి ఉండడం వంటివి.

కాలిఫోర్నియాలో ఇంట్లో కూర్చునే పోరాడే వీలుంది. జరిమానా మొత్తం ముందే జమచేసి, మన వాదన కాగితం మీద రాసి పంపాలి. ఆఫీసరు కూడా తన వాదన రాసి పంపాలి. గెలిస్తే డబ్బు తిరిగొస్తుంది. ఓడితే 20 రోజుల్లో కొత్తగా విచారణ జరపమని అడగవచ్చు, అప్పుడు నేరుగా వెళ్లాలి. ఇంత మంచి ఏర్పాటులోనూ ఒక మెలిక ఉంది: పోరాడి ఓడాక ట్రాఫిక్ స్కూలు ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జి చేతిలోకి వెళ్లిపోతుంది.

న్యూయార్క్ నగరంలోని ఐదు బరోల (నగర విభాగాల) టికెట్లు ట్రాఫిక్ వయలేషన్స్ బ్యూరోకు వెళతాయి. అక్కడ బేరసారాలు లేవు, తప్పు చేశారా లేదా అన్నదొక్కటే తేలుస్తారు. అదే రాష్ట్రంలో నగరం దాటి ఏదో పట్టణ కోర్టుకు టికెట్ వెళితే అభియోగం తగ్గించమని అడిగే వీలుంటుంది. న్యూజెర్సీ స్నేహితుడి సలహా న్యూయార్క్‌లో పనిచేయకపోవడం ఇందుకే.

ఇక వర్జీనియా. ఆ రాష్ట్రంలో అత్యధిక వేగ పరిమితి 70 మైళ్లు. గంటకు 85 మైళ్లు దాటినా, ఎక్కడైనా పరిమితికి 20 మైళ్లు ఎక్కువైనా రెక్లెస్ డ్రైవింగ్ (ప్రమాదకరంగా నడపడం) కేసు పెట్టవచ్చు. అంటే 70 ఉన్న రోడ్డు మీద 86లో వెళితే చాలు. అది ట్రాఫిక్ తప్పు కాదు, క్లాస్ 1 మిస్‌డిమీనర్ అనే క్రిమినల్ నేరం: ఏడాది వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా పడే అవకాశం చట్టంలో ఉంది. కాగితం చూడ్డానికి మాత్రం మామూలు టికెట్‌లాగే ఉంటుంది. ఇది చేతికి వస్తే మూడు దారుల చర్చ వదిలేసి, ఆ కౌంటీ కోర్టులో రోజూ వాదించే లాయరును పెట్టుకోవాలి. మద్యం తాగి నడిపిన కేసుకూ అంతే.

ఏదీ చేయకుండా వదిలేయడం నాలుగో దారి కాదు. వేరే రాష్ట్రంలో వచ్చిందని పక్కన పడేసినా, నలభైకి పైగా రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది. అక్కడ స్పందించకపోతే ఇక్కడి లైసెన్సు సస్పెండ్ కావచ్చు.

రికార్డు ఎక్కడ వెతకాలి?

టికెట్ కాగితం పోయినా, తేదీ మరిచిపోయినా, కేసు ఏమైందో తేల్చుకోవాలన్నా కోర్టు రికార్డే ఆధారం. మనం ఉండే ఊరి కోర్టు కాదు, టికెట్ ఇచ్చిన చోటి కోర్టు. టెక్సస్‌లో టికెట్ ఎవరు ఇచ్చారన్నది కూడా చూడాలి: నగర పోలీసు ఇస్తే మునిసిపల్ కోర్టు, షెరీఫ్ డిప్యూటీనో (కౌంటీ పోలీసు) హైవే ట్రూపరో (రాష్ట్ర పోలీసు) ఇస్తే ఆ ప్రాంతపు జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న కేసుల కోర్టు. కాలిఫోర్నియాలో 58 కౌంటీలకు 58 సుపీరియర్ కోర్టులు, దేని వెబ్‌సైటు దానిదే. మేరీల్యాండ్‌లో రాష్ట్రమంతటికీ ఒకే వెతుకులాట పేజీ ఉంది, ఆ సుఖం అన్నిచోట్లా లేదు.

పేరుతో వెతకడమా, టికెట్ నంబరుతోనా అంటే, తెలుగువారికి కళ్లు మూసుకుని నంబరే అంటాను. మన ఇంటిపేరు ఎటు పోతుందో, పొడుగాటి పేరు ఎక్కడ తెగుతుందో పోలీసు కంప్యూటరుకే తెలియదు. పాస్‌పోర్టులో అన్నీ ఒకే గడిలో ఉన్నవారికి వీసా మీద ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, కొందరి లైసెన్సులోకీ అదే మొదటి పేరుగా ఎక్కుతుంది. అలాంటివారు పేరుతోనే వెతకవలసి వస్తే ముందువెనకలు మార్చి, ఎఫ్ఎన్‌యూ పెట్టి, పుట్టినతేదీతో సరిచూసుకోవాలి. ఏమీ కనబడకపోతే కేసు లేదనుకోకూడదు. పోలీసులు కోర్టుకు పంపి, అక్కడ నమోదు కావడానికి వారాలు పట్టవచ్చు. హాజరు తేదీ దగ్గరపడుతుంటే క్లర్కు కార్యాలయానికి ఫోను చేయాలి, వెబ్‌సైటు కంటే అదే నమ్మకం.

డబ్బు తీసుకుని అందరి రికార్డులూ చూపిస్తామనే ప్రైవేటు సైట్లు కూడా కోర్టుల నుంచి తీసుకున్న సమాచారాన్నే అమ్ముతాయి. కేసు కొట్టేశాక కూడా వాటిలో పాత స్థితే ఉండిపోవచ్చు. సొంత కేసు చూసుకోవడానికి వాటికి డబ్బు పెట్టనక్కర్లేదు. పాయింట్లు మాత్రం కోర్టు రికార్డులో కాదు, లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ జారీచేసే డ్రైవింగ్ రికార్డులో చూడాలి. కోర్సు పూర్తయిన కొన్ని వారాలకు దాన్ని తెప్పించుకుంటే కోర్టు చెప్పిన మాట శాఖ దాకా చేరిందో లేదో తెలుస్తుంది. టికెట్ బాకీ ఉందంటూ ఫోనుకు వచ్చే సందేశాల్లోని లింకు జోలికి పోవద్దు, కోర్టు సైటుకు మనమే వెళ్లి చూసుకోవాలి.

పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 చేసేనాటికి ఇవన్నీ మళ్లీ బయటికి తీయాలి. జరిమానా 500 డాలర్లలోపు ఉండి, అరెస్టు జరగక, మద్యం, మత్తుమందుల ప్రమేయం లేకపోతే సాధారణంగా పత్రాలు జతచేయమని అడగరు. ఎప్పుడైనా టికెట్ వచ్చిందా అన్న ప్రశ్నకు మాత్రం నిజమే చెప్పాలి. కోర్టులు పాత ట్రాఫిక్ ఫైళ్లను కొన్నేళ్ల తర్వాత తీసేస్తాయి. కాబట్టి కేసు ముగిసిన నెలలోనే క్లర్కు దగ్గర ముద్ర వేసిన తుది ఉత్తర్వు ప్రతి ఒకటి తీసుకుని పాస్‌పోర్టులున్న ఫైలులో పెట్టండి.