ఓపెన్‌ఎంసీ: గిర్రున తిరిగే ద్రవాన్ని గీయనిస్తుంది, అంతవరకే

ఓపెన్‌ఎంసీ అంటే పదార్థంలో న్యూట్రాన్లు ఎలా తిరుగుతాయో లెక్కకట్టే ఉచిత సాఫ్ట్‌వేర్. దాని ఇన్‌స్టలేషన్, డేటా ఫైళ్ల డౌన్‌లోడ్ గోల అందరూ రాసేశారు, మళ్లీ నేనెందుకు. గుంటూరులో ఎమ్మెస్సీ పిల్లలకి న్యూక్లియర్ ఫిజిక్స్ చెప్పుకుంటూ, కొన్నేళ్లుగా ఇంట్లో లాప్‌టాప్ మీద దీన్ని వాడుతున్నాను. క్వాడ్రిక్ ఉపరితలం (రెండో డిగ్రీ సమీకరణంతో గీసే ఆకారం) ఒక్కటి చాలు నాకు, ఇంకో సాఫ్ట్‌వేర్ వైపు చూడను.

సిలిండర్లు, గోళాలు ఎందులోనైనా దొరుకుతాయి. నాక్కావలసింది 1958 డిసెంబర్ 30న అమెరికాలోని లాస్ అలమోస్ అణు ప్రయోగశాలలో ప్రాణం తీసిన ట్యాంకు. ప్లుటోనియం పని మిగిల్చిన ద్రావణాల్ని శుద్ధిచేసేచోటు అది. అడుగున నీటి ద్రావణం. పైన దాదాపు 20 సెంటీమీటర్ల మందాన సేంద్రియ ద్రావకం, అందులో 3 కిలోల పైచిలుకు ప్లుటోనియం. కదపనంతసేపు క్రిటికల్ కాదు, అంటే గొలుసు చర్య తనంతట తాను సాగదు. కలిపే మోటారు స్విచ్ వేశారు. అడుగు ద్రవం గోడల వెంట పైకి లేచి, చిలికితే వెన్న మధ్యకి చేరినట్టు పై పొరని మధ్యకి తోసింది. అక్కడ మందం పెరిగింది, బయటికి పోయే న్యూట్రాన్లు తగ్గాయి. అంతే, క్రిటికల్ అయింది! రేడియేషన్ తగిలిన ఆపరేటర్ రెండు రోజులు కూడా బతకలేదు.

ఆ వంపుని పారాబొలాయిడ్‌గా (గిన్నెలాంటి ఆకారంగా) ఒక్క సమీకరణంలో ఇచ్చేశాను. ఆకారం మారినా ద్రవం అంతే ఉండాలి కదా, ఆ వాల్యూమ్ లెక్క కూడా ఓపెన్‌ఎంసీయే తేల్చిపెట్టింది. ఇది నేను అనుకోనిది. మే నెల రాత్రి రన్ పెడితే కరెంటు పోయింది, వెనకే ఇన్వర్టరూ ఆగింది. మధ్యమధ్యలో స్టేట్‌పాయింట్ (అప్పటిదాకా చేసిన లెక్క దాచే ఫైలు) రాయమని చెప్పి ఉంచాను గనక ఆగినచోటి నుంచే అందుకుంది. పొద్దున చూస్తే చదును పొరకి కె విలువ (ఒక తరం న్యూట్రాన్లకి తర్వాతి తరం ఎన్ని రెట్లో చెప్పే అంకె; 1 దాటితే చర్య పెరుగుతూ పోతుంది) 1కి కింద, వంపు పొరకి 1కి పైన. క్లాసులో ఆ రెండు అంకెలూ బోర్డు మీద పెడితే వెనక బెంచీ కూడా ఫోన్లు దించింది.

ఇంకోవైపు చూడనన్నాను గానీ, చూడక తప్పలేదు. వంపు ఎంతో నేను చెప్పాలి, అది చెప్పదు. క్రిటికల్ అయ్యాక వేడి, బుడగలు చర్యని ఎలా వెనక్కి లాగాయో దాని లెక్కలో లేదు. పాయింట్ కైనెటిక్స్ (చర్య కాలంతో ఎలా మారుతుందో చెప్పే సమీకరణాలు) విడిగా పైథాన్‌లో రాసుకున్నాను, బుడగల భాగం ఇప్పటికీ ముతకగానే ఉంది. 1999లో జపాన్‌లోని టోకైమురాలో క్రిటికల్ అయిన యురేనియం ద్రావణం ట్యాంకుకి కూడా చుట్టూ ఉన్న కూలింగ్ నీళ్లు తీసేస్తే కె ఎంత పడుతుందో చక్కగా చూపిస్తుంది. ఆ చర్య దాదాపు 20 గంటలు ఎలా సాగిందని మాత్రం దాన్ని అడగొద్దు.

పైథాన్ వచ్చి, లైసెన్సుకి డబ్బుల్లేని నాలాంటి లెక్చరర్లకి నిక్షేపంలా పనికొస్తుంది. నిజం ప్లాంటులో భద్రత లెక్కలకి సరిపోతుందా అంటే, ప్లాంటు గడప తొక్కని నేను చెప్పకూడదు.