4 జీబీ ర్యామ్ మీద మల్టీ-జెన్ ఎల్ఆర్‌యూ: చాలాకాలం వాడాక నా మాట

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మా నెట్ సెంటర్‌లో ఉన్నవి సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్‌లు. రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్, పాతకాలం హార్డ్‌డిస్క్. అన్నిట్లోనూ డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. అడంగల్, 1బి ప్రింట్లకైతే ఇవి బ్రహ్మాండం. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతేనే వీటి సత్తా తెలిసేది. ఒక ట్యాబ్‌లో వెబ్ ఆప్షన్లు, ఇంకోదాంట్లో పోయినేడాది కటాఫ్‌ల పీడీఎఫ్, మరో నాలుగింట్లో కాలేజీల సైట్లు, పక్కన స్కానర్ సాఫ్ట్‌వేర్. పాత 5.10 కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఉన్నప్పుడు ఇంత తెరిస్తే మౌస్ బాణం బిగుసుకుపోయేది, డిస్క్ లైటు ఆరకుండా వెలిగేది. "ఏందన్నా ఇది, తిరుగుతానే ఉంది" అని పిల్లోళ్ళు అడగడం, వెనక నిలబడిన వాళ్ళ నాయనకు టెన్షన్.

2022 డిసెంబర్‌లో లినక్స్ 6.1 కెర్నల్ వచ్చింది. ర్యామ్ నిండినప్పుడు అందులోంచి దేన్ని తీసేయాలో తేల్చే కొత్త పద్ధతి, మల్టీ-జెన్ ఎల్ఆర్‌యూ, అందులోనే చేరింది. రాసింది గూగుల్ ఇంజనీర్ యూ జావ్. 6.1 కెర్నల్‌తో డెబియన్ 12 వచ్చినప్పట్నుంచీ దీన్ని వాడుతున్నా.

ర్యామ్ నిండుతుంటే ఏ పేజీని (మెమరీలో ఒక చిన్న ముక్క, వెబ్ పేజీ కాదు) బయటికి పంపాలో తేల్చేది కెస్వాప్‌డీ అనే కెర్నల్ థ్రెడ్ (విడిగా నడిచే ఒక పని). అది అందుకోలేకపోతే మెమరీ అడిగిన థ్రెడ్డే తన పని ఆపుకుని చోటు ఖాళీ చేసుకోవాలి. దీన్ని డైరెక్ట్ రీక్లెయిమ్ అంటారు. బ్రౌజర్ బిగుసుకునేది ఇక్కడే. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు పేజీలు దాచే చోటు, మామూలుగా డిస్క్ మీద) ఆపేస్తే పీడ పోతుందని చాలామంది సలహా ఇస్తారు. పోదు. బ్రౌజర్ కోడ్ కూడా డిస్క్ మీది ఫైలే కాబట్టి కెర్నల్ ఆ పేజీలను వదిలేస్తుంది, మరుక్షణం మళ్ళీ చదువుకుంటుంది. మా డిస్క్ లైటు ఆరకపోవడానికి సగం కారణం అదే.

పాత పద్ధతిలో పేజీలకు రెండే జాబితాలు, వాడుతున్నవి, వాడనివి. ఒక్కో పేజీనీ పట్టుకుని ఎవరు వాడుతున్నారో వెనక్కి వెతకాలి, దానికి ప్రాసెసర్ ఖర్చు ఎక్కువ. కొత్తది పేజీలను వయసును బట్టి తరాలుగా విడదీస్తుంది. పేజీ టేబుళ్ళను (ఏ పేజీ ఎక్కడుందో రాసిన పట్టికలు) వరసగా నడుచుకుంటూ పోయి, ఈమధ్య తాకినవాటిని కొత్త తరంలోకి మారుస్తుంది, పాత తరాన్ని ముందు పంపుతుంది. కెస్వాప్‌డీ వాడే ప్రాసెసర్ సమయం తమ దగ్గర 40 శాతం తగ్గిందని గూగుల్ వాళ్ళు చెప్పారు. నేను అంత లెక్కలు తీయలేదు గానీ, టాప్ కమాండ్‌లో పైన తిష్ఠ వేసుకుని ఉండే కెస్వాప్‌డీ ఇప్పుడు కిందెక్కడో కనబడుతుంది. ట్యాబ్ మారిస్తే కాస్త ఆలస్యంగానైనా తెరుచుకుంటుంది.

కొన్ని డిస్ట్రోలు (డెబియన్ లాంటి లినక్స్ రకాలు) దీన్ని కెర్నల్‌లో పెట్టి కూడా ఆపి ఉంచుతాయి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సెట్టింగ్‌లు కనబడే చోటు) ఎల్ఆర్‌యూ జెన్ ఫోల్డర్ కింద ఎనేబుల్డ్ అనే ఫైలు చూడండి. సున్నా ఉంటే ఆగి ఉన్నట్టు, చివర 7 ఉంటే పూర్తిగా నడుస్తున్నట్టు.

నాకు నచ్చనిది అదే ఫోల్డర్‌లో ఉండే మిన్ టీటీఎల్ సెట్టింగ్. 1000 ఇస్తే, గత ఒక సెకనులో తాకిన పేజీలను బయటికి పంపదు. మౌస్ బిగుసుకోదు, నిజమే. కానీ ఆ పేజీలకు ర్యామ్ చాలకపోతే ఊఎమ్ కిల్లర్ దిగి ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది. మా దగ్గర పోయేది ఎక్కువగా బ్రౌజర్ ట్యాబే. సేవ్ చేయని ఆప్షన్ల పేజీ అట్లా పోతే ఆ పిల్లోడికి ఏం సమాధానం చెప్తాం? మా సిస్టమ్‌లన్నిట్లో అది డిఫాల్ట్ సున్నాలోనే ఉంది. సొంత ల్యాప్‌టాప్ అయితే 1000 పెట్టుకోండి, హాయిగా ఉంటుంది.

మల్టీథ్రెడింగ్ సంగతి వేరు. 2023లో 6.4 కెర్నల్‌కు పర్-వీఎంఏ లాక్‌లు (ఒక్కో మెమరీ ప్రాంతానికి ఒక్కో తాళం) వచ్చాయి. అంతకుముందు ఒకే ప్రోగ్రామ్‌లోని థ్రెడ్‌లన్నీ పేజ్ ఫాల్ట్ (అడిగిన పేజీ అందుబాటులో లేకపోవడం) వచ్చినప్పుడల్లా ఎంమ్యాప్ లాక్ అనే ఒక్క తాళం దగ్గరికే రావాలి. ఇప్పుడు చాలా ఫాల్ట్‌లు ఆయా మెమరీ ప్రాంతం తాళంతోనే తెమిలిపోతాయి. డెబియన్ 13కి మారాక 6.12 కెర్నల్‌తో ఇదీ దక్కింది. రెండు కోర్ల మీద నాకైతే తేడా ఏమీ తెలియలేదు. పదుల కోర్ల సర్వర్లు నడిపేవాళ్ళకు పనికొచ్చే సరుకు ఇది.

ఇంతకన్నా ఎక్కువ మేలు చేసింది జెడ్‌ర్యామ్. హార్డ్‌డిస్క్ స్వాప్ తీసేసి జెడ్‌ర్యామ్ పెట్టి, స్వాపినెస్‌ను (స్వాప్ వైపు ఎంత మొగ్గాలో కెర్నల్‌కు చెప్పే అంకె) 180కి పెంచాను. 5.8 కెర్నల్ నుంచి దాన్ని 200 దాకా పెంచుకోవచ్చు. పేజీలు డిస్క్‌కు పోకుండా ర్యామ్‌లోనే కుదించుకుని ఉంటాయి. ప్రాసెసర్‌కు కొంచెం పని పెరుగుతుంది, ఎండాకాలం ఫ్యాన్ రొద కూడా. మల్టీ-జెన్ ఎల్ఆర్‌యూ ఒక్కటే పెట్టి ఊరుకుంటే సగం ఫలితమే. రెండూ కలిపి వాడండి. అయినా సరే, పొద్దున్నే సిస్టమ్ వేసి బ్రౌజర్ మొదటిసారి తెరిచేటప్పుడు మాత్రం పాత నత్తనడకే. అది డిస్క్ రోగం, దానికి ఎస్‌ఎస్‌డీ కొనాల్సిందే.