వదులైన ల్యాప్‌టాప్ మూతకు మరమ్మతు: సీటీసీలోని ఒక దుకాణంపై సమీక్ష

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని ఒక చిన్న దుకాణానికి నా ల్యాప్‌టాప్‌ను అప్పగించాను. మూత ఊగిసలాడుతోంది, ఎడమ మూలన తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం విడివడుతోంది. మరో దుకాణంలో విప్పి చూడకుండానే తెర మొత్తం మార్చాలన్నారు. ఇక్కడి మెకానిక్ మాత్రం చట్రం తీసి, మూతను తెరిచి మూసే కీలు (హింజ్) బిగువుగానే ఉందని, దాని స్క్రూలను పట్టి ఉంచే ఇత్తడి బుష్‌లు (చిన్న గొట్టాలు) ప్లాస్టిక్ నుంచి ఊడివచ్చాయని చూపించారు. ఆ స్థితిలో తెరుస్తూ మూస్తూ ఉంటే కీలు బలమంతా తెర అంచు మీద పడి గాజు పగిలే ప్రమాదం ఉంది.

ఎపాక్సీ జిగురుతో అతికించడం చవకే కాని మళ్లీ ఊడవచ్చని ఆయనే చెప్పడంతో మూత వెనుక కవరు మార్పించుకున్నాను. కీలు పక్కగా వెళ్లే డిస్‌ప్లే కేబుల్ నలగకుండా దాన్ని గాడిలో సర్దిన తీరు ముచ్చటగా ఉంది.

స్క్రీన్‌గార్డు కొనమన్నారు గాని వద్దన్నాను. అది గీతలను ఆపుతుందే తప్ప ఒత్తిడిని ఆపదు. పైగా మూసినప్పుడు మూతకూ కీబోర్డుకూ మధ్య సందు తక్కువ. అందుకే కెమెరా మీద కవరు ఉంచి మ్యాక్‌బుక్ మూస్తే తెర దెబ్బతినవచ్చని యాపిల్ సంస్థే 2020లో హెచ్చరించింది. ఆ డబ్బుతో బిగుతైన స్లీవ్ (ల్యాప్‌టాప్ తొడుగు) కొనడం మేలు.

లోపమల్లా రసీదు విషయంలోనే: అడిగేదాకా వారంటీ గడువు రాసివ్వలేదు.