డబ్బా మీద 10 జీబీపీఎస్, లోపల పెట్టింది ఛార్జింగ్ కేబుల్! కొనేముందు ఇది చదవండి

ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ (బయట తగిలించుకునే వేగమైన స్టోరేజ్ డ్రైవ్) గానీ, ఎన్‌క్లోజర్ (ఎస్‌ఎస్‌డీని లోపల పెట్టి యూఎస్‌బీతో వాడుకునే తొడుగు) గానీ ఆన్‌లైన్‌లో కొనబోతున్నారా? జాగ్రత్త. ఈమధ్య నేను తీసుకున్న ఎన్‌క్లోజర్ డబ్బా మీద 10 జీబీపీఎస్ (సెకనుకి 10 గిగాబిట్లు) అని ఇంతేసి అక్షరాలతో ఉంది. అందులో వేసింది మంచి ఎన్‌వీఎంఈ (బాగా వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ, లాప్‌టాప్ పోర్టు కూడా అంత స్పీడు ఉన్నదే. తీరా పెద్ద వీడియో ఫైలు కాపీకి పెడితే సెకనుకి 40 ఎంబీ దాటి కదలదు! అమ్మినవాళ్లని అడిగితే మీ సిస్టమ్ పాతది, ఫార్మాట్ కొట్టి చూడండి అని అదే పాట.

ఆ 40 దగ్గరే అనుమానం రావాలి. పాత యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకి 480 మెగాబిట్లు, బైటుకి 8 బిట్లు కాబట్టి 8తో భాగిస్తే 60 మెగాబైట్లు, అందులో తరుగు పోను చేతికొచ్చేది 30 నుంచి 40 వరకే. లైనక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కి మైనస్ టీ తగిలించి (lsusb -t) చూస్తే ఆ డ్రైవ్ ఉన్న వరస చివర 480ఎం (అంటే 480 మెగాబిట్లు) అని కనపడింది. అదే పోర్టు, అదే ఎన్‌క్లోజర్, కేబుల్ ఒక్కటే మార్చాను, 10000ఎం అయింది, కాపీ 900 దాటింది. అంటే వాళ్లిచ్చిన కేబులే దొంగ. టైప్ సీ అనేది మూతి ఆకారం మాత్రమే, వేగానికి దానితో సంబంధం లేదు. ఛార్జింగ్ కోసం చేసిన చాలా సీ కేబుళ్లలో హైస్పీడ్ డేటా వైర్లే ఉండవు. స్క్రీన్‌షాట్లు పెట్టాక ఇంకో కేబుల్ పంపారు, అదీ అదే బాపతు!

విండోస్ వాళ్లు డ్రైవ్ స్పీడు కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ ప్రోగ్రాంలో సీక్వెన్షియల్ రీడ్ (వరసగా చదివే వేగం, ఎంబీల్లో) చూడండి. నలభైల్లో ఉంటే 2.0లో ఇరుక్కున్నట్టు, నాలుగు వందల చిల్లర వస్తే 5 జీబీపీఎస్ లింకు, వెయ్యి దగ్గరికొస్తే 10. ఇది ఎస్‌ఎస్‌డీల లెక్క, మామూలు పెన్‌డ్రైవ్ దానంతటదే నెమ్మది కాబట్టి దాన్ని పెట్టి పోర్టుని తిట్టకండి. మ్యాక్‌లో అయితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో యూఎస్‌బీ కింద స్పీడు రాసే ఉంటుంది. చిన్న ఫైలు కాపీ చేసి బ్రహ్మాండం అనుకోవద్దు, అది ముందు ర్యామ్‌లోకి పోతుంది, అంకె ఎగిరిపడి తర్వాత చతికిలబడుతుంది. పదీ ఇరవై జీబీల ఫైలు పెడితే గానీ అసలు రంగు బయటపడదు.

ఇంకో తిరకాసు పేర్లలో ఉంది. 2008లో యూఎస్‌బీ 3.0గా వచ్చిన 5 జీబీపీఎస్సే తర్వాత 3.1 జెన్ 1 అయి, ఇప్పుడు 3.2 జెన్ 1 అని తిరుగుతోంది. ఈ గందరగోళం పెట్టినవాళ్లకి ఓ దండం. ఉత్త 3.2 అని రాసుంటే నమ్మకండి, జీబీపీఎస్ ఎంతో అడగండి. 20 జీబీపీఎస్ డ్రైవ్ కొంటుంటే మీ పోర్టు జెన్ 2x2 (20 జీబీపీఎస్ ఇచ్చే రకం) అవునో కాదో చూసుకోండి, చాలా లాప్‌టాప్‌లలో అది ఉండదు, 10కి దిగిపోతుంది. పోర్టు నీలం రంగులో ఉందనీ భరోసా పెట్టుకోవద్దు, ఆ రంగు తప్పనిసరేం కాదు.

పాత టైప్ ఏ (పలకగా ఉండే) పోర్టులో మెల్లగా గుచ్చినా ఒక్కోసారి 2.0గానే పట్టుకుంటుంది, కంప్లయింట్ పెట్టేముందు ఓసారి తీసి గట్టిగా గుచ్చి చూడండి. అప్పటికీ 480 అంటే కేబుల్ మార్చి మళ్లీ చూసి, రెండు స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెట్టి రిటర్న్ గడువు దాటకముందే పంపండి. నాది అలాగే వెనక్కి తీసుకున్నారు, ఫార్మాట్ మాట మళ్లీ ఎత్తలేదు.