వాల్‌హైమ్‌లో బేస్ ఎక్కడ కట్టాలి? మెడోస్ నడిమధ్య, బ్లాక్ ఫారెస్ట్ లోపల, నీటి ఒడ్డున: ఏది మేలు?

వైకింగ్‌గా బతుకు నెట్టుకొచ్చే వీడియో గేమ్ వాల్‌హైమ్‌లో బేస్‌కి, అంటే మన ఇంటికి, చోటు వెతికేటప్పుడు చాలామంది చూసేవి రెండు: చోటు అందంగా ఉందా, శత్రువుల బెడద తక్కువగా ఉందా. రెండూ ముఖ్యమే. కానీ ఆట సగానికి వచ్చేసరికి మనిషిని నిజంగా అలసిపోయేలా చేసేది బరువుల మోత. తవ్విన లోహాన్ని ఇంటికి ఎలా చేరుస్తారు అన్న ప్రశ్నకు జవాబు దొరికాకే గొడ్డలి పట్టుకుని చెట్టు కొట్టాలని నేను గట్టిగా చెబుతాను.

2021 ఫిబ్రవరిలో ఎర్లీ యాక్సెస్‌గా (పూర్తికాక ముందే అమ్మకానికి) వచ్చినప్పటి నుంచి ఈ ఆటలో ఒక నియమం ఉంది. మామూలు పోర్టల్ (ఒక చోటి నుంచి మరో చోటికి క్షణంలో చేర్చే ద్వారం) గుండా ముడి ఖనిజం గానీ కరిగించిన లోహం గానీ వెళ్లదు. కట్టెలు, రాళ్లు, తోళ్లు, తిండి వెళ్తాయి. తయారైపోయిన కత్తి, కవచం కూడా వెళ్తాయి. రాగి, తగరం, కంచు, ఇనుము, వెండి మాత్రం కాలినడకనో, బండి మీదో, పడవ మీదో రావాల్సిందే.

కంచు కవచం ఒక సెట్ చేసుకోవాలంటే మూడు ముక్కలకు కలిపి 15 కంచు కావాలి. ఒక్కో కంచుకు రెండు రాగి, ఒక తగరం చొప్పున 30 రాగి, 15 తగరం పడుతుంది. ముడి రాగి ఒక్కోటి 10 బరువు, ముడి తగరం 8. అంతా కలిపితే 420. మన పాత్ర మోయగలిగేది 300, అందులోనే ఒంటి మీది ఆయుధాలు, గని తవ్వే పికాక్స్, తిండి బరువు కూడా కలిసి ఉంటుంది. అంటే ఒక్క కవచానికే కనీసం రెండు సార్లు తిరగాలి. తర్వాత ఇనుప కవచానికి 60 ఇనుము కావాలి, తుక్కు ఇనుము ఒక్కోటి 10 బరువు. ఇక గొడ్డలి, కత్తి, డాలు, మేకులు, వాటి అప్‌గ్రేడ్లు వేరే. బేస్ నుంచి గనికి ఉన్న దూరాన్ని మీరు ఆట పొడవునా మళ్లీ మళ్లీ నడుస్తారు.

ఈ లెక్క దృష్టిలో పెట్టుకుని మూడు చోట్లనూ చూద్దాం. మెడోస్ అంటే పచ్చిక బయళ్లు, బ్లాక్ ఫారెస్ట్ అంటే దట్టమైన అడవి; ఆటలో ఇలాంటి ఒక్కో రకం ప్రాంతాన్ని బయోమ్ అంటారు.

మెడోస్ నడిమధ్య

ఆట మొదలయ్యే రాళ్ల గుడి చుట్టుపక్కలే ఇల్లు కట్టేయడం అందరికీ సహజంగా వచ్చే ఆలోచన. దాన్ని నేను తప్పుపట్టను. ఇక్కడ తిరిగేవి అడవిపందులు, జింకలు, నెక్‌లు, గ్రేలింగ్‌లు అనే చిన్న జీవులు. చెక్క డాలుతోనే నెట్టుకురావచ్చు. నేల చాలావరకు చదునుగా ఉంటుంది, తేనెపెట్టెలు బాగా పనిచేస్తాయి, పందుల్ని మచ్చిక చేసుకుని పెంచుకోవచ్చు. చచ్చినా మంచం దగ్గరే లేస్తారు కాబట్టి, లేవగానే చుట్టూ ప్రశాంతంగా ఉండటం కొత్తవాళ్లకు పెద్ద ఊరట.

ఇబ్బంది అంతా మొదటి బాస్ ఎయిక్‌థిర్ పడిపోయాక మొదలవుతుంది. చేతికి పికాక్స్ వస్తుంది, మెడోస్‌లో దానితో తవ్వడానికి లోహం ఉండదు. రాగి, తగరం రెండూ బ్లాక్ ఫారెస్ట్‌లోనే. ఖనిజం కరిగించే స్మెల్టర్‌కి ఐదు, బొగ్గు బట్టీకి మరో ఐదు సర్ట్‌లింగ్ కోర్‌లు అనే సామాను కావాలి. మొదట్లో అవి దొరికే బరియల్ చాంబర్లు అనే పాత సమాధులు కూడా ఆ అడవిలోనివే. ఇల్లు నీటికి దూరంగా ఉంటే బండిని నమ్ముకోవాలి. బండికి సరుకు పెట్టే గదులు 18 ఉన్నా, బరువు పెరిగేకొద్దీ లాగడం కష్టమవుతుంది. చిన్న గట్టు అడ్డొచ్చినా చక్రం ఆగిపోతుంది, దారిలో గ్రేడ్వార్ఫ్‌లు అనే అడవి జీవులు రాళ్లు విసురుతుంటాయి. అలా గనికీ ఇంటికీ మధ్య బాట చదును చేయడంలోనే సాయంత్రాలు గడిచిపోతాయి.

బ్లాక్ ఫారెస్ట్ లోపల

దీనికి అర్థం లేకపోలేదు. గని పక్కనే ఇల్లుంటే మోత బాధ ఉండదు. పైన్ చెట్ల కోర్ వుడ్ చేతికందే దూరంలో ఉంటుంది, ఎత్తైన కప్పులు నిలబెట్టడానికి అది కావాలి. క్యారట్ విత్తనాలు దొరికేదీ ఇక్కడే.

కానీ ఇక్కడ తీరిక ఉండదు. గ్రేడ్వార్ఫ్‌లు పగలూ రాత్రీ వస్తూనే ఉంటాయి. ట్రోల్ అనే భారీ రాక్షసి ఒక్కటి చేతిలో దుంగతో ఇంటి వైపు నడిచొస్తే చెక్క గోడలు ఎన్నో దెబ్బలకు ఆగవు. చెట్లు ఒత్తుగా ఉండి దూరం నుంచి ఏం వస్తోందో కనిపించదు, నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. వర్క్‌బెంచ్ (పనిబల్ల) చుట్టూ 20 మీటర్ల లోపల కొత్తగా శత్రువులు పుట్టవు కాబట్టి బెంచీలు వరుసగా పెట్టి కొంత చోటు శుభ్రంగా ఉంచుకోవచ్చు, అయితే బయట పుట్టి లోపలికి నడిచొచ్చేవాటిని ఆ పద్ధతి ఆపదు. చుట్టూ లోతుగా కందకం తవ్వితే ట్రోల్ ఆగుతుంది. ఆ శ్రమ పడే ఓపిక ఉన్నవాళ్లున్నారు, వాళ్ల కోటలు చూస్తే ముచ్చటేస్తుంది.

నాకున్న అసలు అభ్యంతరం వేరు. రాగి అవసరం ఆటలో ఒక దశ వరకే. రెండో బాస్ ఎల్డర్‌ని ఓడించి స్వాంప్ (చిత్తడి నేల) తాళంచెవి చేతికి రాగానే మనసంతా ఇనుము మీదికి పోతుంది, ఇనుము స్వాంప్‌లోని సంకెన్ క్రిప్ట్‌లనే మునిగిన సమాధుల్లో ఉంటుంది. స్వాంప్ మీ అడవికి ఆనుకుని ఉండొచ్చు, సముద్రం దాటి ఎక్కడో ఉండొచ్చు. అడవి నడుమ కట్టిన కోట రాగికి దగ్గరే, ఇనుమొచ్చేసరికి మెడోస్ ఇంటివాళ్ల కష్టమే మీకూ వస్తుంది.

మెడోస్, బ్లాక్ ఫారెస్ట్ కలిసే నీటి ఒడ్డు

నా ఓటు దీనికే, ఏ సందేహమూ లేకుండా.

పడవలో సరుకుకు బరువు పరిమితి లేదు. నాలుగు గదులున్న చిన్న పడవ కార్వ్‌లో కూడా గదికి 30 చొప్పున 120 తుక్కు ఇనుము పడుతుంది. మోసుకొస్తే అది 1200 బరువు, అంటే కనీసం నాలుగు నడకలు. పెద్ద పడవ లాంగ్‌షిప్‌లో 18 గదులు, నింపితే 540. ఒక్కసారి వెళ్లొస్తే కవచం, ఆయుధాలు, వాటి అప్‌గ్రేడ్లు చాలావరకు తీరిపోతాయి. స్వాంప్ ఏ దిక్కున బయటపడినా, తర్వాత వెండి కోసం ఏ కొండకు వెళ్లాల్సొచ్చినా, ప్రయాణంలో పెద్ద భాగం నీటి మీదే సాగుతుంది. రేపు ఏం ఎక్కడ దొరుకుతుందో తెలియని ఆటలో అన్ని వైపులకూ దారి తెరిచి ఉంచేది ఒడ్డు ఒక్కటే.

రెండు బయోమ్‌లు కలిసే చోట అంటున్నది ఊరికే కాదు. ఇల్లు మెడోస్ నేల మీద ఉంటుంది కాబట్టి తేనె, పందులు, చదును నేల, రాత్రి నిద్ర అన్నీ దక్కుతాయి. ఫైన్ వుడ్ ఇచ్చే బర్చ్ చెట్లు ఒక పక్క, కోర్ వుడ్ ఇచ్చే పైన్ చెట్లు మరో పక్క. తగరం బ్లాక్ ఫారెస్ట్ ఒడ్డు వెంబడే దొరుకుతుంది, పడవలో వెళ్తూ తీరం పొడవునా ఏరుకోవచ్చు. అడవి అంచుకు మరీ ఆనించకుండా కొంచెం ఎడం పాటించండి. ట్రోల్ చెట్ల మధ్య నుంచి బయటికి రావడం కనబడేంత ఖాళీ ఉంటే బాణాలు వేయడానికి సమయం చిక్కుతుంది.

ఒడ్డంటే ఏ ఒడ్డైనా సరిపోదు. చాలామంది ఇక్కడే చోటు చూసి మురిసిపోయి లోతు చూడరు. తెప్ప ఆగిన చోట లాంగ్‌షిప్ ఆగదు, అడుగు నేలకు తగిలి ఇరుక్కుంటుంది. బయటి సముద్రం నేరుగా కొట్టే ఒడ్డు కన్నా నీళ్లు లోపలికి చొచ్చుకొచ్చిన మూల మేలు. తుఫానులో అలలు తక్కువ, పడవ దెబ్బతినదు, సముద్రపు పాములు అంత లోపలికి రావడం అరుదు. మరీ ఇరుకైతే మాత్రం ఎదురుగాలిలో పడవ తిప్పడం నరకం. రేవు స్తంభాలు నీళ్లలో ఉండి సగం దాకా దెబ్బతింటాయి, వానకు తడిసే చెక్కలూ అంతే. సగం దగ్గర ఆగిపోతాయి కాబట్టి కంగారు పడక్కర్లేదు. స్మెల్టర్లను ఇంటి వెనక కాకుండా రేవుకు ఆనుకునే పెట్టండి. పడవ దిగిన లోహం పది అడుగుల్లో బట్టీలో పడాలి.

మిగతావి క్లుప్తంగా

ప్లెయిన్స్ (మైదానాల బయోమ్): బార్లీ, ఫ్లాక్స్ (అవిసె) పండేది ఆ నేలలోనే కాబట్టి ఏదో ఒకరోజు అక్కడ పొలం వేయక తప్పదు. కానీ డెత్‌స్క్విటోలనే ప్రాణాంతక దోమలు, ఫ్యూలింగ్‌లనే శత్రువులు తిరిగే చోట ఇల్లు ఎందుకు? గోడ కట్టిన పొలం, దాని లోపల ఒక పోర్టల్ చాలు. పంట పోర్టల్‌లో నిక్షేపంగా వస్తుంది.

కొండ మీద కోట బొమ్మల్లో అద్భుతంగా ఉంటుంది. చలి తట్టుకునే మీడ్ అనే పానీయం తాగో, తోడేలు చర్మం కప్పుకునో తప్ప గడప దాటలేరు. వెండి ఖనిజం ఒక్కోటి 14 బరువు, దాన్ని కిందికి దించడం సులువే గానీ మిగతా లోహమంతా పైకి ఎక్కించాలి. స్వాంప్‌లో ఎప్పుడూ తడే. తడిస్తే స్టామినా (ఒంటి ఓపిక) మెల్లగా తిరిగొస్తుంది. అక్కడ ఎవరూ ఉండొద్దు.

ఒక్క బేసా, చాలా బేసులా?

గని పక్కనే చిన్న ఫోర్జ్ (కొలిమి) పెట్టి, అక్కడే కత్తి కొట్టించి, తయారైన కత్తిని పోర్టల్‌లో ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అని కొందరు వాదిస్తారు. మొదటి కంచు గొడ్డలికి ఇది చక్కగా పనిచేస్తుంది. ఆ తర్వాత మంచి ఆయుధాలకు, వాటి అప్‌గ్రేడ్లకు ఫోర్జ్ లెవల్ పెరగాలి, ఫోర్జ్ చుట్టూ అదనపు సామాను పేర్చాలి. ప్రతి గని దగ్గరా ఆ సంసారం మోయలేం. పైగా ఇంట్లో మంచి మంట, కుర్చీలు, తివాచీలు చేరి కంఫర్ట్ (సౌకర్యం) ఒక్కో మెట్టు పెరిగినప్పుడల్లా రెస్టెడ్ (విశ్రాంతి తీసుకుంటే వచ్చే బలం) ఒక్కో నిమిషం పెరుగుతుంది. రెస్టెడ్ ఉన్నంతసేపు స్టామినా రెట్టింపు వేగంతో తిరిగొస్తుంది. ఆ సామానంతా ఒకే చోట ఉంటేనే ఫలం. అందుకే పెద్ద ఇల్లు ఒకటే ఉండాలి. మిగతా చోట్ల మంచం, కప్పు, మంట, పెట్టె, పోర్టల్ ఉన్న గుడిసెలు సరిపోతాయి. పోర్టల్ ఒక్కోదానికి రెండు కోర్‌లు, జతకు నాలుగు. కాబట్టి బరియల్ చాంబర్ కనిపిస్తే వదలకండి.

ఇప్పటికే లోపల ఎక్కడో కట్టేసుకున్నవాళ్లు దిగులు పడాల్సిన పని లేదు. సుత్తితో విప్పితే పెట్టిన సామానంతా పూర్తిగా తిరిగొస్తుంది, కోర్‌లతో సహా. ఫోర్జ్‌లోని రాగిని మాత్రం మోసుకెళ్లాలి. ఇనుము వేట మొదలవక ముందే మారిపోతే పని చాలా తేలిక.

రెండు సందర్భాల్లో నా జవాబు మారుతుంది. 2023 ఆగస్టులో వచ్చిన వరల్డ్ మాడిఫయర్లలో (ఆట నియమాలు మార్చే సెట్టింగులు) పోర్టల్స్‌ను క్యాజువల్‌కి మార్చుకుంటే లోహం కూడా వాటి గుండా వెళ్తుంది. అలా ఆడేవాళ్లకు రేవుతో పనే లేదు, మెడోస్‌లో చదునుగా, కళ్లకు ఏ చోటు నచ్చితే ఆ చోట కట్టుకోవచ్చు. రెండోది యాష్‌లాండ్స్. 2024లో వచ్చిన ఆ బయోమ్‌లో దొరికే సామానుతో కట్టే స్టోన్ పోర్టల్ లోహాన్ని కూడా దాటిస్తుంది. అక్కడిదాకా వెళ్లినవాళ్లు రెండో ఇల్లు కొండ మీదే కట్టుకుంటానన్నా నేను అడ్డు చెప్పను.