అడోబీ స్టాక్, షట్టర్‌స్టాక్, అలమీ: కొత్తవాళ్లకు ఏది మేలు?

స్టాక్ ఫొటోలు, అంటే ఎవరైనా కొని వాడుకునేలా సైట్లలో ముందే పెట్టి ఉంచే ఫొటోలు, అమ్ముదామని దిగే కొత్తవాళ్లు ఈ మూడు సైట్లలో ముందుగా రెండు సంగతులు చూసుకోవాలి. ఒక్కో డౌన్‌లోడ్‌కి కనీసం ఎంత పడుతుంది? ఎంత పోగైతే డబ్బు బయటికి తీసుకోవచ్చు?

అడోబీ స్టాక్‌లో ఫొటో అమ్మిన ధరలో 33 శాతం మనకు. నిన్న చేరినవాళ్లకైనా, ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకైనా అదే. సబ్‌స్క్రిప్షన్ (చందా కట్టినవాళ్లు దించుకునే) అమ్మకానికి కనీసం 33 సెంట్లు. 25 డాలర్లు జమై, మొదటి అమ్మకం జరిగి 45 రోజులు దాటితే విత్‌డ్రా చేసుకోవచ్చు. అన్నీ కనీస రేటుకే పోయినా 76 డౌన్‌లోడ్లతో ఆ మొత్తం చేరుతుంది.

షట్టర్‌స్టాక్‌ది మెట్ల పద్ధతి. మొదటి 100 డౌన్‌లోడ్లకు 15 శాతం, 250 దాకా 20, 500 దాకా 25. అలా పెరుగుతూ 25,000 దాటాక 40. చిక్కంతా జనవరి 1తోనే: ఆ రోజు అందరి లెక్కా సున్నాకి వచ్చి మళ్లీ 15 శాతం దగ్గర మొదలవుతుంది. కనీస రేటు 10 సెంట్లు. అన్నీ ఆ రేటుకే పోతే 25 డాలర్లకు 250 డౌన్‌లోడ్లు కావాలి. కొనేవాళ్లు ఎక్కువే కాబట్టి దాన్ని వదులుకోమని చెప్పం. కానీ అక్టోబర్, నవంబర్‌లలో చేరేవాళ్లు పై మెట్ల మీద ఆశ పెట్టుకోకూడదు.

అలమీ దారి వేరు. అమ్మకాలు అరుదు, ఒక్కో అమ్మకానికి వచ్చే మొత్తం పెద్దది. ఎక్స్‌క్లూజివ్ కాని, అంటే వేరే చోట కూడా అమ్మే ఫొటోలకు 40 శాతంతో మొదలవుతుంది. జూలై నుంచి జూన్ వరకు ఏడాది అమ్మకాలు 250 డాలర్లు దాటకపోతే 20 శాతానికి దిగుతుంది. కొత్తవాళ్లలో చాలామంది అక్కడే పడతారు. డబ్బు తీసుకోవాలంటే 50 డాలర్లు జమవ్వాలి.

మా మాట: ముందు అడోబీ, అవే ఫొటోలు షట్టర్‌స్టాక్‌లో కూడా. ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం జోలికి పోకపోతే ఒకే ఫొటో మూడు చోట్లా పెట్టుకోవచ్చు. చార్మినార్ ముందు జనం, లాడ్ బజార్ దుకాణాల బోర్డులు, ఖైరతాబాద్ గణేశుడి ఊరేగింపు లాంటివి మాత్రం షట్టర్‌స్టాక్‌కి, అలమీకి ఎడిటోరియల్‌గా (ప్రకటనలకు కాకుండా వార్తలు, వ్యాసాలకు వాడేవిగా) పంపాలి. ముఖాలు గుర్తుపట్టేలా ఉండి మోడల్ రిలీజ్ (ఫొటోలో ఉన్నవాళ్లు సంతకం చేసిన అనుమతి పత్రం) లేకపోతే ప్రకటనలకు అమ్మే విభాగంలో తీసుకోరు. షట్టర్‌స్టాక్ ఎడిటోరియల్ క్యాప్షన్‌లో ఊరు, దేశం, తేదీ, ఆ తర్వాతే వివరం. ఆ వరస తప్పితే ఫొటో ఎంత బాగున్నా తిప్పి పంపుతారు.

ఫొటోలు ఎందుకు తిరస్కరిస్తారో తెలియాలంటే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఫొటోనే తీసుకోండి. హోటల్ ట్యూబ్‌లైట్ కింద ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే స్థాయి) 3200 పెట్టి తీస్తే ఫోన్ తెర మీద చక్కగానే కనిపిస్తుంది. కంప్యూటర్‌లో నూటికి నూరు శాతం జూమ్ చేస్తే చాయ్ మీద నురగంతా గింజలు గింజలుగా ఉంటుంది, ఫోకస్ కప్పు అంచు మీద కాకుండా వెనక బల్ల మీద పడి ఉంటుంది, సాసర్ మీద హోటల్ పేరూ బయటపడుతుంది. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా తిరస్కరణకు చాలు. పగటిపూట కిటికీ పక్కన, కప్పు అంచు మీద ఫోకస్ పెట్టి, పేరు లేని సాసర్‌తో తీస్తే మూడూ తీరిపోతాయి. సైజు అడోబీకి, షట్టర్‌స్టాక్‌కి కనీసం 4 మెగాపిక్సెళ్లు ఉండాలి.

కీవర్డ్లు (కొనేవాళ్లు ఫొటో వెతికే పదాలు) అడోబీలో 49 దాకా ఇవ్వొచ్చు, కానీ వెతుకులాటలో ఎక్కువ బరువు మొదటి పదిదే. బతుకమ్మ ఫొటోకి గునుగు అని రాస్తే బయటివాళ్లకు దొరకదు. సెలోషియా, మారిగోల్డ్, ఇండియన్ ఫెస్టివల్ లాంటివి ముందుండాలి, బతుకమ్మ, తెలంగాణ వాటి పక్కనే.

పన్ను సంగతి ఆలస్యం చేయొద్దు. మనం అమెరికావాళ్లం కాదని తెలిపే అమెరికా పన్ను ఫారం డబ్ల్యూ-8బెన్ నింపకపోతే అమెరికా అమ్మకాల మీద 30 శాతం కోత. పాన్ నంబరుతో నింపి భారత్-అమెరికా పన్ను ఒప్పందం ఎంచుకుంటే రాయల్టీ మీద 15 శాతమే. పాన్‌లో, పేపాల్ (ఆన్‌లైన్ చెల్లింపుల) ఖాతాలో, బ్యాంకులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే చెల్లింపు మధ్యలో ఆగిపోవచ్చు.

పండుగ ఫొటోలు పండుగ నాడు ఎక్కిస్తే ఆ ఏటికి ఆలస్యమైనట్టే, ఎందుకంటే డిజైనర్లు రెండు మూడు నెలల ముందే వెతుకుతారు. ఈ ఏడాది తీసిన బతుకమ్మ ఫొటోలను సరిచేసి ఉంచుకుని, వచ్చే ఏడాది జూలైకల్లా సైట్లలో ఉండేలా చూసుకోవాలి.